సెన్సర్ గారి జాతకం

“సెన్సర్‌ని ఏడు పీహెచ్ ఉన్న బఫర్ ద్రావణంలో ముంచితే కచ్చితంగా ఏడు చూపించిన నెల ఒక్కటీ లేదేంటయ్యా?” అంటూ ఆడిటర్ మూడేళ్ల రిజిస్టరులోంచి తల ఎత్తాడు.

ఆ రిజిస్టరు రాసిన టెక్నీషియన్ చేతులు కట్టుకున్నాడు. ఫ్యాక్టరీ నీళ్లు కాలువలోకి వెళ్లే ముందు వాటి పీహెచ్‌ని సక్రమంగా కొలుస్తున్నారని ఈయన సంతకం పెడితేనే లైసెన్సు నిలుస్తుంది. లైసెన్సు నిలిస్తే టెక్నీషియన్ సూపర్‌వైజర్ అవుతాడు. నిలవకపోతే గేటు బయట నిలబడతాడు. ఈ శుభవార్త మేనేజర్ పొద్దున్నే చెప్పాడు.

“ఉన్నది ఉన్నట్టే రాశానండీ.”

“నేనూ అదే అంటున్నా!” ఆడిటర్ బల్ల చరిచాడు. “నేను తిరిగిన ప్రతి ఫ్యాక్టరీలోనూ నెలనెలా ఏడు, ఏడు, ఏడు! చూస్తే నాకే ఏడుపొస్తుంది. ఇది చూడండి మేనేజర్ గారూ! వేసవిలో ఆరు పాయింట్ తొమ్మిది నాలుగు. వానల్లో ఏడు పాయింట్ సున్నా ఐదు. ప్రాణమున్న సెన్సర్ అంటే ఇదీ!”

ఆడించేవాణ్ణే ఆడిటర్ అంటారని నమ్మే మేనేజర్, తలను అడ్డంగా మొదలుపెట్టి నిలువుగా ముగించాడు. పీహెచ్ అంటే ఆయనకు తెలిసింది పీహెచ్‌డీలో మొదటి సగం. నెలాఖరున రిజిస్టరు తెరిచి సంతకం పెట్టడం, మూయడం, అంతవరకే ఆయన పర్యవేక్షణ. సెన్సర్ ఉండే ట్యాంకు నిచ్చెన ఎక్కడానికి మోకాళ్లు ఒప్పుకోవు. మోకాళ్లను బతిమాలే అలవాటు ఆయనకు లేదు.

“సరే, నెలనెలా సెన్సర్‌ని సరిచూసే ఆ కాలిబ్రేషన్ ఎలా చేస్తావో చెప్పు,” అన్నాడు ఆడిటర్.

“ముందు సెన్సర్‌ని బయటికి తీసి డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతానండీ. చివర గాజు బుడ్డి ఉంటుంది కదా, దాన్ని రుద్దకూడదు. మెత్తటి కాగితంతో అద్దాలి, పసిబిడ్డ బుగ్గ అద్దినట్టు. తర్వాత ఏడు బఫర్‌లో ముంచి అంకె నిలిచేదాకా కదలను. ఆపైన నాలుగు, పది. వాడిన బఫర్‌ని మళ్లీ సీసాలో పోయనండీ, ఒట్టు!”

“అబ్బ! అందరూ అక్కడే కదయ్యా కక్కుర్తి పడేది!”

“నేను చుక్క కూడా పోయనండీ.”

“మావాడికి సెన్సరంటే ప్రాణమండీ,” మేనేజర్ అందుకున్నాడు. “వాళ్లావిడ నాకే ఫోన్ చేసింది. సెన్సర్‌లో సగం చూసుకున్నా తనకు చాలట.”

“ఆవిడది ఆమ్లగుణం లెండి సార్,” అన్నాడు టెక్నీషియన్ సిగ్గుపడుతూ. “ఏ బఫరూ పనిచేయదు.”

ముగ్గురూ నవ్వారు. అంతలో ఆడిటర్ నవ్వు ఠక్కున ఆపి ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

“ఇదేంటి?”

టెక్నీషియన్ గుండె జారి చెప్పుల్లో పడింది.

“ఈ నెల నీ సంతకం నల్ల సిరాతో ఉంది. రూలు ప్రకారం నీలం ఉండాలి.”

“తప్పయిపోయిందండీ!”

“దిద్దు.”

దిద్దాడు. దాంతో కాలువలో నీళ్లు శుభ్రపడ్డాయి.

“ఇక స్లోపు చూడండి,” ఆడిటర్ గొంతు గద్గదమైంది. “అంటే సెన్సర్ చురుకుదనం. కొత్తలో తొంభై తొమ్మిది శాతం. ఏడాదికి రెండు చొప్పున తగ్గుతూ ఇప్పుడు తొంభై మూడు. ఎంత మర్యాదగా ముసలిదవుతోందో! మా అత్తగారికి చూపించాలి.”

ఆయన పెన్ను మూత తీశాడు. టెక్నీషియన్ కళ్ల ముందు సూపర్‌వైజర్ కుర్చీ గిర్రున తిరిగింది. పెన్ను కాగితానికి తగలబోతూ ఆగిపోయింది.

“ఉండండి. రిపోర్టు అట్ట మీద దీని ఫోటో వేయిస్తాను. ఆదర్శ సెన్సర్! ఫోటో తీసుకుని, అక్కడే సంతకం పెడతా. పదండి ట్యాంకు దగ్గరికి.”

మేనేజర్ మోకాళ్లు తడుముకున్నాడు. టెక్నీషియన్ గబుక్కున లేచాడు.

“పది నిమిషాలు ఆగండి సార్! కడిగి, అద్ది, ఫోటోకి సిద్ధంగా పెడతాను.”

“చూశారా శ్రద్ధ!” అన్నాడు ఆడిటర్. “ఇలాంటి మనిషి ఊరికే దొరకడు.”

దొరకడానికి ఆ మనిషి అప్పటికే గదిలో లేడు. రెండేసి మెట్లు దూకుతూ దిగి, తిన్నగా స్టోర్ రూములో దూరాడు. బోల్టులు లెక్కపెడుతున్న ముసలి స్టోర్ కీపర్ కళ్లజోడు పైకి నెట్టాడు.

“ఏంట్రా ఆ ఆయాసం?”

“బాబాయ్, మూడేళ్ల కిందట వచ్చిన ఆ సెన్సర్ పెట్టె సీలు విప్పు!”