ట్రింగుమనని డబ్బు

ఆ చేతిలో ఫోన్ ఒక్క నిమిషం పక్కన పెట్టండి. ముందు ఈ త్వాన్ సంగతి వినండి.

వియత్నాంలోని హైఫాంగ్‌లో త్వాన్‌కి స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉంది. షెడ్డు గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంది. కోడ్ కింద పేరు మాత్రం అతని భార్య లువాది! ఇద్దరికీ కలిపి ఒకటే ఖాతా. ఎవరు ఏం కొన్నా ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. లువా బజార్లో కొత్తిమీర కొంటే త్వాన్ జేబులో ట్రింగ్. త్వాన్ సందు చివర బీరు తాగితే లువా వంటింట్లో ట్రింగ్. గ్లాసు కింద పెట్టేలోగా ఫోన్ వచ్చేస్తుంది, "ఎన్నోది?" అని.

దాంతో త్వాన్ నగదుకి వీరభక్తుడైపోయాడు.

"అన్నా, స్కాన్ చేసెయ్యనా?" అని కుర్రాడెవడైనా ఫోన్ తీస్తే చాలు, స్పానర్ ఊపుతూ ఉపన్యాసం మొదలు.

"ఫోన్‌లోది డబ్బా? ఉత్త అంకె! డబ్బంటే చేతికి తగలాలి. వానలో తడిసినా మన నోటుకి ఏం కాదు, ప్లాస్టిక్! నీ ఫోన్ తడిపి చూడు. కరెంటు పోతే? నెట్ పోతే? ఈ దేశం ఏమైపోవాలి?"

దేశం బెంగ మోయలేక కుర్రాడు జేబులోంచి నోట్లు తీసేవాడు.

త్వాన్‌కి అసలు బెంగ దేశం గురించి కాదు, పిట్ట గురించి. పిట్టలమ్మే బాంగ్ దగ్గర ఒక పిగిలిపిట్ట ఉంది. నెత్తిన నల్లజుట్టు, బుగ్గన ఎర్రచుక్క. అది కూసిందంటే వీధిలో స్కూటర్లు ఆగాల్సిందే. ధర వింటే మాత్రం గుండె ఆగుతుంది. ఒకసారి భయపడుతూనే లువా దగ్గర ఆ మాట ఎత్తాడు.

"ఇంట్లో ఒకడు కూస్తున్నాడు, చాలు," అంది లువా.

ఇక చాటుగా దాచుకోవడమే మిగిలింది. హెల్మెట్ లోపలి మెత్తలో దాస్తే, ఎప్పుడూ లేనిది లువా ఆ మెత్త ఉతికింది. బియ్యం డబ్బాలో దాస్తే, ఆ రోజే డబ్బా కడిగింది. పాత టైరులో దాస్తే, టైర్లు పాతసామాన్లవాడికి బేరం పెట్టింది. దొరికిన ప్రతిసారీ నోరెత్తకుండా తీసుకెళ్ళి ఖాతాలో వేసేది. ట్రింగ్!

ఈసారి మాత్రం త్వాన్ బుర్ర పాదరసంలా పనిచేసింది. ఆ చోటు లువా కాదు, లువా వాళ్ళమ్మ వచ్చినా ముట్టుకోదు. ఎక్కడో బాంగ్ అడిగినా చెప్పలేదు.

"ఆదివారం మా నాన్న తద్దినం. భోజనాలవగానే డబ్బుతో వస్తా. అప్పటిదాకా పిట్టని ఎవరికీ చూపించకురా బాబూ," అన్నాడు.

ఆదివారం చుట్టాలంతా దిగారు. త్వాన్ బీర్లు తెస్తానని బయల్దేరి, పిట్టని ఒక్కసారి చూసి వెళ్దామని ఆగి, ఆలస్యం చేశాడు. వచ్చేసరికి వాకిట్లో రేకు డబ్బాలో మంట లేస్తోంది. పోయినవాళ్ళ ఖర్చులకని పంపే ఉత్తుత్తి కాగితం నోట్లు భగభగా కాలుతున్నాయి.

"ఏమయ్యా, ఇప్పుడా రావడం? మీ నాన్నకి డబ్బు పంపేశాం," అంది లువా. "కొత్త సంవత్సరం తెట్ పండక్కని పూజ అరలో పెట్టిన పెద్ద కట్ట కూడా వేసేశా. పైన మాత్రం ధరలు పెరగవా ఏంటి?"

పండగ దాకా ఎవరూ కదపరనే కదా, త్వాన్ ఆ ఉత్తుత్తి నోట్ల కట్ట నడుమ తన అసలు నోట్లన్నీ దూర్చి దారంతో కట్టింది!

"నాన్నోయ్!" అంటూ మంట ముందు కూలబడ్డాడు. డబ్బాలో చెయ్యి పెట్టబోతే చిన్నాన్న వెనక్కి లాగాడు.

"కొడుకంటే వీడురా!" అన్నాడు చిన్నాన్న కళ్ళు తుడుచుకుంటూ. "బతికున్నప్పుడు మా అన్నకి ఒక్క బీరు పోయించలేదు కానీ, లోపల ఎంత ప్రేమ!"

"ఆ బూడిద చూడండి, దూదిలా ఎలా ఎగిరిపోతోందో," అంది పిన్ని. "బావగారికి మొత్తం ముట్టినట్టే."

దూదిలానా?

త్వాన్ ఏడుపు ఠక్కున ఆగింది. ముక్కు ఎగబీల్చాడు. అగరొత్తుల వాసన, కాగితం కాలిన వాసన, అంతే. పుల్ల తీసుకుని డబ్బా అడుగుదాకా కెలికాడు. కరిగిన ప్లాస్టిక్ ముద్ద ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు.

"ఏంటయ్యా వెతుకుతున్నావ్?" అని అందరి ముందూ తియ్యగా అడిగింది లువా, జిగురన్నం వడ్డిస్తూ.

"ఏం లేదు... నాన్న గుర్తొచ్చి..."

గరిట పట్టుకున్న ఆమె వేలికి కొత్త బంగారు ఉంగరం ధగధగా మెరిసింది. అది కొన్న రోజున త్వాన్ జేబులో ట్రింగుమనలేదంటే, మీరైతే ఆమెని ఏమని అడుగుతారు?