గంట కొట్టని చావు

చర్చి కప్పు మీద మూడు వారాలుగా కాపురం పెట్టిన ఆ వడ్రంగి, చర్చి లోపలికి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదట.

సంఘపెద్ద గ్లిగోర్ పెళ్ళాం చెప్పిందని, పక్కింటి సవేతా కంచె మీదుగా రఫీలాకి చెప్పింది.

"ఆదివారం ఆరాధన జరుగుతుంటే బయట మెట్ల మీద టోపీ తీసి కూర్చుంటాడట. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపుతాడట. ఎక్కడ ఏ పాపం చేసొచ్చాడో!"

"కుళ్ళిన చెక్కలు పీకి కొత్తవి కొడుతున్నాడా లేదా? కొట్టనీ" అంది రఫీలా.

ఆమె ధ్యాస అక్కడ లేదు. కూతురు స్మరాండా నాలుగు రోజులుగా గది దాటి రావడం లేదు. పెట్టింది పెట్టినట్టే ఉంటోంది.

గురువారం పొద్దున స్మరాండా తన ప్రాణం తనే తీసుకుంది. ఇరవై రెండేళ్ళు.

రఫీలా ఫాదర్ ఇలారియోన్ ఇంటికి పరుగెత్తింది. వాళ్ళ ఆర్థడాక్స్ సంఘంలో ఫాదర్లకి పెళ్ళాం పిల్లలూ ఉంటారు. ఫాదర్ భార్య తలుపు తీసి, చేతులకున్న పిండి తుడుచుకుంటూ పక్కకి తప్పుకుంది.

ఫాదర్ కూర్చోమనలేదు. తనూ కూర్చోలేదు.

"రఫీలా, ఈ నియమం నేను పెట్టింది కాదు. తనంతట తాను పోయిన మనిషిని చర్చిలోకి తేకూడదు. ప్రార్థన లేదు. గంట లేదు."

"మనసు బాగాలేని పిల్ల, ఫాదర్."

"డాక్టరు కాగితం ఉందా? ఉంటే బిషప్‌గారికి పంపిస్తాను."

"కాగితం తిరిగొచ్చేదాకా పిల్ల ఆగుతుందా? ఎండలు చూశారా?"

ఫాదర్ కిటికీ వైపు తిరిగాడు.

"పోనీ, ప్రార్థన వద్దు. గంట ఒక్కటి. మూడే మూడు దెబ్బలు. ఒకత్తీ పోతోందయ్యా, ఎవరో ఒకరు సాగనంపినట్టు ఉండొద్దా?"

గ్లిగోర్ అప్పటికే నలుగురిని వెంటేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అలాంటి చావుకి గంట కొట్టినా, ప్రార్థన చదివినా వడగళ్ళు పడతాయి, ఫాదర్!" అక్కణ్ణుంచే అరిచాడు. "కోసిన గడ్డంతా చేలల్లోనే ఉంది. చలికాలం ఆవులకేం పెడతాం, గంట చప్పుడా?"

శుక్రవారం చర్చి వెనకున్న శ్మశానం చివర, దురదగొండి మొలిచిన కంచె పక్కన గొయ్యి తీశారు.

ఏడుగురు వచ్చారు. సవేతా, పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమల పళ్ళెం తెచ్చింది. దాని మీద కొవ్వొత్తి వెలిగించొచ్చో కూడదో తెలియక పైట గుడ్డ కింద దాచుకుని నిలబడింది.

పెట్టె దించారు. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఆ ఊళ్ళో చావు దగ్గర మాటలన్నీ ఫాదరువే.

రఫీలా కూర్చుంది. లేచింది. గుప్పెడు మట్టి తీసుకుంది, వదిలేసింది.

"ఎవరైనా ఏదైనా అనండయ్యా! దూడని పూడ్చినా అయ్యో అంటారే!"



చర్చి కప్పు మీద సుత్తి చప్పుడు ఆగింది.

వడ్రంగి నిచ్చెన దిగాడు. ఒంటి మీది రంపపుపొట్టు దులుపుకోకుండానే గొయ్యి దగ్గరికొచ్చి, టోపీ తీసి, గొంతెత్తాడు.

ఏదో ఒక పాట కాదు. భూస్థాపన ఆరాధన మొత్తం. చేతిలో పుస్తకం లేదు. ఎక్కడా తడబాటు లేదు.

గ్లిగోర్ రొప్పుతూ వచ్చాడు. "ఒరేయ్, నీ పని మేకులు కొట్టడం! నోర్ముయ్!"

చొక్కా పట్టి లాగాడు. భుజం దగ్గర పర్రున చిరిగింది. పాట ఆగలేదు.

ఫాదర్ కూడా వచ్చాడు. "ఆపు. నీకిది తగదు. పాపం చేస్తున్నావు."

వడ్రంగి ఫాదర్ ముఖంలోకి చూశాడు. చూస్తూనే పాడాడు. "నిత్యమూ జ్ఞాపకం" అనే చివరి మాట మూడుసార్లు పాడి, పెట్టె మీద శిలువ ఆకారంలో మట్టి చల్లి, అప్పుడు ఆపాడు.

నిన్నటి నుంచి కన్నీటిచుక్క రాని రఫీలా బావురుమంది.

మధ్యాహ్నంలోపే నిచ్చెన లాగేశారు. పనిముట్ల సంచి రోడ్డు మీదికి విసిరారు.

"మిగతా కప్పు మేం వేసుకోగలం. మళ్ళీ ఈ ఊళ్ళో కనపడ్డావో!"

అతను సంచి భుజానికెత్తుకుని నడిచాడు.

సవేతా చేతిలోని గోధుమల పళ్ళెం లాక్కుని రఫీలా అతని వెనకాలే పరుగెత్తింది. వంతెన దగ్గర అందుకుంది. ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియాలి. అతను గోధుమలు తినడానికి నాలుగైదుసార్లు చెయ్యెత్తి, నోట పెట్టుకోలేక దించేశాడని మాత్రం అటుగా వెళ్ళిన వాళ్ళు చెప్పారు.

ఆదివారం వచ్చింది. వడగళ్ళు పడలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఫాదర్ ఇలారియోన్‌కి మూడు రోజులుగా నిద్ర లేదు. కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. ప్రసంగం మొదలుపెట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. చివరికి ఉండబట్టలేక శుక్రవారం నాటి సంగతి మీదికే వచ్చాడు.

"కన్నతల్లి కడుపుకోత నాకు తెలియక కాదు. కానీ అభిషేకం లేనివాడు, ఎవడో దారినపోయే వడ్రంగి, చనిపోయినవాళ్ళ ముందు నిలబడి ఆ మాటలు పలకడమేమిటి? ఆ బాధ వాడికేం తెలుసు? వాడికేం హక్కుంది?"

గ్లిగోర్ గట్టిగా తలూపాడు. మిగతావాళ్ళూ ఊపారు.

ఆడవాళ్ళ వైపు నుంచి రఫీలా ముందుకొచ్చింది.

"ఆయన కొండ అవతలి ఊళ్ళో పదిహేడేళ్ళు ఫాదరుగా చేసినాయన, ఫాదర్. కన్నకూతురు నా పిల్లలాగే పోతే, నియమం నియమమేనని, ఒక్క మాటైనా చదవకుండా కంచె పక్కన పూడ్చి ఇంటికెళ్ళిపోయింది ఆయనే."