తెర మీది అంకె

"పాస్‌వర్డ్ తీసుకుందండీ!" అన్నాడు కంప్యూటర్ మెకానిక్.

అక్కకి ప్రాణం లేచివచ్చింది.

ఉద్యోగం చూసుకొస్తానని సంచి భుజాన వేసుకుని వెళ్లిన తమ్ముడు నెల దాటినా తిరిగి రాలేదు. ఏ ఊరో చెప్పలేదు. ఫోన్ ఎప్పుడు చేసినా స్విచాఫ్. ఆమె తిరగని పోలీస్ స్టేషన్ లేదు, ఏడవని రాత్రి లేదు. వాడు ఎక్కడికి టికెట్ కొన్నాడో వాడి మెయిల్స్‌లోనే ఉండాలి. అందుకే ఈ మెకానిక్‌ని కాళ్లావేళ్లా పడి పిలిపించి, వాడి కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రాం పెట్టిస్తోంది.

పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. వాడు ఆమెను ఏడిపించే పేరే అది. గయ్యాళక్క.

"మరి మెయిల్స్ ఏవి బాబూ?"

"ఇదివరకైతే ఈపాటికి వచ్చేసేవండీ. ఇప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. ఇదిగో, తెర మీద ముప్పై ఎనిమిది అని చూపిస్తోందా? ఆయన ఫోన్లో కూడా అదే అంకె నొక్కాలి. అప్పుడుగానీ లోపలికి పోనివ్వదు."

"వాడి ఫోనే పలికితే మిమ్మల్నెందుకు పిలుస్తాను?"

మెకానిక్ తల గోక్కున్నాడు.

"ఇంకో దారుందేమో మా ఓనర్ని అడిగొస్తా." బాల్కనీలోకి వెళ్లాడు.

అంతలో ఇంటి ఫోన్ మోగింది.

"అమ్మా!" ఎవరో పెద్దాయన రొప్పుతున్నాడు. "మీ కంప్యూటర్లో ఏదో అంకె కనబడుతోందంటగా? అదేంటో కాస్త చెప్పమ్మా."

అక్కకి ఒళ్లు మండింది. పేపర్లో తమ్ముడి ఫొటో, ఇంటి నంబరూ వేయించినప్పటి నుంచీ ఇదే గోల. మీ తమ్ముణ్ణి చూశానంటూ ఒకడు మాటల్లో పెట్టి, ఏదో కోడ్ చెప్పించుకుని ఆమె బ్యాంకు ఖాతా ఊడ్చేశాడు.

"మళ్లీ తయారయ్యారా? ఏడ్చేవాళ్లని దోచుకు తినడానికి సిగ్గులేదూ?"

"అది కాదమ్మా, ఇతను మాట్లాడలేక..."

వెనక ఎవరో మూలుగుతున్నారు. నాటకం బాగానే రక్తి కట్టిస్తున్నారనుకుంది.

"నోర్ముయ్! ఇంకోసారి చేశావంటే నీ అంతు చూస్తా!"

"పెట్టెయ్యకమ్మా, చార్జింగు..."

ఠక్కున పెట్టేసింది.

మెకానిక్ తిరిగి వచ్చేసరికి తెర మీద అంకె మాయమైంది. గడువు ముగిసిందని రాసి ఉంది.

"వేరే దారి లేదటండీ."

"దొంగ వెధవలకి మాత్రం అన్ని దారులూ ఉంటాయి! ఇప్పుడే ఒకడు ఫోన్ చేసి కంప్యూటర్లో అంకె చెప్పమన్నాడు. నేనంత వెర్రిదాన్నా? నాలుగు దులిపి పెట్టేశా."

మెకానిక్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"మనం ఈ పని చేస్తున్నట్టు ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్తాను?"

"మరి తెర మీద అంకె ఉందని ఆయనకెలా తెలిసిందండీ? అంకె నొక్కమనే ఆ కబురు మీ తమ్ముడి ఫోన్‌కే వెళ్తుంది. ఇంకెక్కడికీ వెళ్లదు. అంటే ఆ ఫోన్ ఇప్పుడే ఎవరో ఆన్ చేశారన్నమాట."

అక్క తమ్ముడి నంబరు నొక్కింది. స్విచాఫ్. మళ్లీ నొక్కింది. స్విచాఫ్.

రిసీవర్ గుండెకి అదుముకుని అక్కడే నేల మీద కూలబడిపోయింది.

గయ్యాళక్క మోసగాడనుకుని తిట్టి పెట్టేసిన ఆ పెద్దాయనే, ఇప్పుడు తమ్ముడి పక్కనున్న ఒకే ఒక్క మనిషి.