పెనీనా పాడిన జోలపాట

భూమికి దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జూన్ అంటే చలికాలం, ఐదింటికే చీకటి పడింది. మొగుడు చేపల ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళాడు. పన్నెండు రోజుల పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని లోసా ఫోన్లో లైబ్రరీ కేటలాగ్ వెతుకుతోంది. తనని కని కన్నుమూసిన అమ్మ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు లైబ్రరీ వాళ్ళు ఆమెతో సహా సమోవా ఆడవాళ్ళ పాటలు రికార్డు చేసుకున్నారని లాంగి పిన్ని ఇవాళే చెప్పింది.

పిన్ని స్పీకర్లోనే ఉంది. "బడి మానేసినదానివి, నీకెందుకే ఈ తిప్పలు? పొద్దున్నే వెళ్ళి అడగరాదూ?"

"మాటలు కొట్టడమేగా పిన్నీ, దానికి డిగ్రీ కావాలా?"

'పెనీనా' అని అమ్మ పేరు కొడితే నలభై వచ్చాయి. 'జోలపాట' చేరిస్తే ఆరు. అమ్మ పుట్టిన దీవి 'సవాయీ' కూడా కలిపితే ఒక్కటే మిగిలింది.

"దొరికింది పిన్నీ. పాడినది పెనీనా, మనవడు ఫెతూ కోసం అని రాశారు."

"మనవడేంటే? అప్పటికి నువ్వే కడుపులో ఉన్నావు. ఫెతూ ఎవరు?"

లోసా ఒళ్ళో పిల్లాడి వైపు చూసింది. ఆదివారం చర్చిలో పిల్లాడికి పెడదామని మనసులో అనుకున్న పేరది. మొగుడికి కూడా చెప్పలేదు.

"నా తల్లివి కదూ, అది వినకు, మూసెయ్," అంది పిన్ని.

"అమ్మ గొంతు కోసం ఇరవయ్యేళ్ళు ఆగాను పిన్నీ," అంటూ లోసా ప్లే నొక్కేసింది.

ఫోన్లోంచి ముందు పసివాడి ఏడుపు వినిపించింది. ఒళ్ళో పిల్లాడు పెదవి కదపకుండా నిద్రపోతున్నాడు. కానీ ఆ ఏడుపు వాడిదే. కన్నతల్లికి తెలియదా? అంతలో రికార్డులో ఎవరో ఆడమనిషి పాడబోతూ గొంతు సవరించుకుంది. లోసా సౌండు ఇంకాస్త పెంచింది.