గోలు కాసే తాబేలు

ఎండాకాలం చెరువు ఫుట్‌బాల్ జట్టుకు ఆటల్లేవు గానీ, గట్టు మీద అభిమానుల నోళ్లకు మాత్రం సెలవు లేదు.

"వచ్చే ఏడాదికి పరుగులో దిట్ట, ఆ కుందేలును తెద్దాం," అంది బాతు.

"పరుగెందుకు? తలతో కొట్టడానికి పొట్టేలు కావాలి!" అని ఎగిరింది ఉడుత.

"మరి జట్టులో చోటేదీ? ఎప్పుడూ ఎవరి నోటా పేరు వినపడని ఆ ముసలి తాబేలును పంపేద్దాం," అంది బాతు.

అందరికంటే గట్టిగా అరిచే కప్ప ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

"ఇన్నేళ్లలో గోలు కాయడానికి ఎవరిని తెద్దామని మనం ఒక్కసారైనా కొట్టుకున్నామా?"

అందరి తలలూ గోలు వైపు తిరిగాయి.

కప్ప చెరువులో మునిగి, నోటినిండా నీళ్లు తెచ్చి, గోలు ముందు ఎండలో కూర్చున్న తాబేలు డిప్ప మీద పోసింది.

"తాతా, నీ చోటు గురించి పోట్లాడుకునే పనే మాకు పెట్టలేదు నువ్వు."