మీరావలి రిపోర్టు

“భాయ్, నువ్వు అబద్ధం చెప్పవుగా. చదువు,” అంటూ మీరావలి రక్తపరీక్ష రిపోర్టు నా చేతిలో పెట్టాడు.

పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక రక్తంలో క్యాన్సర్ జాడ చెప్పే ప్రొటీన్ పెరిగిందంటే రోగం తిరగబెట్టినట్టేనని నరసరావుపేట డాక్టరు ముందే చెప్పాడు. చూశాను. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువుంది.

సత్యాన్ని దాచినవాడి నాలుక నిప్పుల పాలవుతుందని ప్రతి శుక్రవారం మసీదులో గర్జించే నోరు నాది. “పెరిగింది తమ్ముడూ,” అన్నాను. “అయినా ఆ దయామయుడి మీద ఆశ వదిలావంటే అది ఇంకా పెద్ద పాపం!”

మీరావలి నవ్వాడు. “చానా పెరిగిందా? పోనీలే భాయ్. పిల్లలకి వాళ్లమ్మ ఉందిగా.”

దువా చేసి లేచాను. అతని భార్య ఖాశింబీ వీధి గుమ్మం దాకా నా వెంట వచ్చింది.

“ఏడవమాకమ్మా,” అన్నాను.

ఆమె ఏడవడం లేదు.

“సూదులు గుచ్చీ గుచ్చీ ఆయన చేతుల్లో నరం దొరకట్లేదు భాయ్. ఈసారన్నా మంచి రిపోర్టు చూస్తే నాలుగు ముద్దలు తింటాడని ల్యాబ్‌వాళ్లను బతిమాలా. ఆయన పేరు మీద ఇచ్చింది నా రక్తం.”