కంబళి నేర్చిన పని

"దీన్ని మా ఇంటికి పంపియ్ మే" అన్నది బయమ్మ, వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల కింద పడుకున్న కుక్కను చూపిస్తూ.

తిరుపాలమ్మ కలుపు కొడవలి కింద పెట్టి లేచి నిలబడింది. ఆ వేరుశనగ బుడ్డల చేను బయమ్మ వాళ్లది. తిరుపాలమ్మ మొగుడు సుంకన్న వాళ్ల దగ్గరే జీతానికి ఉన్నాడు. ఒక్క వాన పడి మళ్లీ రాక మేత కరువవడంతో, వాళ్ల ఎద్దులను మేపుకు రావడానికి కణేకల్ కాలువ వైపు తోలుకుపోయాడు. అట్లాంటి చోట కాదనడం ఎట్లా?

బయమ్మ కూతురు పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆ మనవడు నిన్న చేను గట్టున ఈ కుక్కను చూసి కిలకిలా నవ్వాడట. ఇంటికి తీసుకుపోయినా చేతులు ఇటే చాపుతున్నాడట.

చూస్తే ఎవరికైనా నవ్వు వచ్చే కుక్కే అది. గుంతకల్లు రైల్వే బంగ్లాలో పెరిగిన సీమకుక్కకూ వీధి కుక్కకూ పుట్టింది. పొట్టి కాళ్లు, వేలాడే చెవులు, ఒళ్లంతా నల్లటి జూలు. దూరం నుంచి ఎవరో కంబళి ముక్క పారేసుకున్నట్టు కనబడేది. అందుకే దానికి కంబళి అనే పేరు పడింది. కాపలాకు పనికిరాదు, దొంగ వచ్చినా తోక ఊపే రకం. కోళ్లను తరమదు, కుండలో మూతి పెట్టదు. ఏదైనా నేర్పితే మాత్రం మరవదు.

తిరుపాలమ్మ దానికి ఒకే ఒక పని నేర్పింది. ఉయ్యాలలో పాప ఏడిస్తే పరుగెత్తుకొచ్చి తన కొంగు పట్టి లాగాలి. ఉయ్యాల దగ్గర అత్త నల్లమ్మ ఉసిగొలిపేది, ఇవతల తిరుపాలమ్మ రాగిసంగటి ఉండ పట్టుకొని నిలబడేది. ఇప్పుడు సంగటి పెట్టకపోయినా లాగుతుంది. చేనులో ఏ మూల ఉన్నా వెతుక్కుంటూ వచ్చి లాగుతుంది.

ఆ సాయంత్రం నల్లమ్మ కోడలి గడ్డం పట్టి, తన పెదవులు కనబడేట్టు తన వైపు తిప్పుకున్నది.

"కరుస్తాదని చెప్పు. ఇంగెవురూ అడగరు."

"కరిచే కుక్కను ఊళ్లో బతకనిస్తారా అత్తా? కట్టెలు తీసుకుంటారు."

"అయితే పోనిస్తావా?"

"పోనీ. అది ఆడ నిలవదు."

"ఏమి ధీమానే నీది!"

"పెంచింది నేనే కదా" అన్నది తిరుపాలమ్మ. పైకి అట్లా అన్నదే గానీ, ఆ రాత్రంతా పాప రొమ్ము మీద చెయ్యి వేసుకొనే పడుకున్నది.

మరునాడు కంబళిని చంకన పెట్టుకొని బయమ్మ ఇంటికి పోయింది. ఏమీ దాచకుండా చెప్పింది. సంగటిని మజ్జిగతో పలచన చేసి పెట్టాలి, ఉప్పూ కారం తగలకూడదు. పొట్ట నేలకు దగ్గర కాబట్టి ఎర్రటి ఎండలో నడిపించకూడదు. జూలులో పల్లేరుకాయలు ఇరుక్కుంటాయి, రోజూ పొద్దుగూకేటప్పుడు వేళ్లతో తీయాలి. చెవులు ఎత్తి తడిగుడ్డతో తుడవాలి. నీళ్లకు కరువు కాబట్టి పిల్లవాడికి పోసిన నీళ్లతోనే దానికీ స్నానం చేయించవచ్చు.

"ఒగటేనమ్మా. కొట్టొద్దండి. కొడితే ముద్ద ముట్టదు, నేర్చిన పని మరిచిపోతాది."

"కుక్కకేం పని మే?" బయమ్మ నవ్వింది.

"పిలకాయ ఏడిస్తే వచ్చి చెప్తాది."

పక్కనే ఉన్న కూతురు మురిసిపోయింది. తిరుపాలమ్మ వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఉయ్యాల దగ్గర తాను కూర్చుంటానని నల్లమ్మ మాట ఇచ్చింది. కానీ ఊరబావి అడుగంటింది. మధ్యాహ్నం బిందె ఎత్తుకొని దూరపు మోట బావికి పోక తప్పలేదు. ఆ పూట మిగతా కూలీలు గట్టు అవతల ఉన్నారు, ఎదురుగాలి. సాలు చివరకు వచ్చిన తిరుపాలమ్మ గొంతు తడుపుకుందామని చెట్టు దగ్గరికి పోయి చూస్తే, పాప మొహం కందిపోయి ఉంది. చెంపల మీద కన్నీళ్లు ఎండి చారికలు కట్టాయి. మెడ మీద గండుచీమలు. దులిపి, రొమ్ముకు అదుముకొని, చెట్టు కిందే కూలబడింది.

తరువాత నుంచి నాలుగు మొక్కలకొకసారి తల ఎత్తి ఉయ్యాల వైపు చూడడమే. సాలు వెనకబడింది. తోటి కూలీలు సణిగారు. ఇట్లయితే వేరే మనిషిని పెట్టుకుంటామని బయమ్మ కబురు పంపింది. నల్లమ్మ పోయి కాళ్లు పట్టుకుందామన్నది.

"వద్దత్తా. అడిగితే బిగుసుకుంటారు. విసుగొస్తే వాళ్లే ఇస్తారు."

ఒక పొద్దున బయమ్మే చేనికి వచ్చింది. చంకలో కంబళి ఉంది. దింపగానే అది వచ్చి తిరుపాలమ్మ కాళ్ల చుట్టూ తిరిగింది. తిరుపాలమ్మ ముందు దాని చెవులు ఎత్తి చూసింది, జూలు తడిమింది. తరువాత తల ఎత్తి బయమ్మ మొహం చూసింది.

"కొట్టలేదు లే మే, నీ మీద ఒట్టు" అన్నది బయమ్మ. "పిలకాయ కుయ్యిమంటే చాలు, ఇంటిల్లిపాదినీ లాగుతాది. మా కూతురి ధర్మవరం చీర చింపింది. అల్లుడొచ్చి పంచె పట్టుకొని నిలబడినాడు, పరువు పాయె."

"నేను చెప్తినే కదమ్మా."

"చెప్తివి. వాడు ఏడిస్తే మా ఇంట్లో నలుగురం పరిగెత్తుతాము. ఇది వచ్చి చెప్పేదేముండాది? నువ్వే పెట్టుకో."

బయమ్మ గట్టు దాటి పోయింది. తిరుపాలమ్మ కొడవలి తీసుకొని, ఉయ్యాలకు వీపు పెట్టి, నిశ్చింతగా సాలులో కూర్చుంది. కాసేపటికి కొంగు బిగుసుకున్నది. కొడవలి వదిలేసి కంబళి వెంట పరుగెత్తింది.

తన బిడ్డ ఏడుపు తిరుపాలమ్మ ఏనాడూ వినలేదు.